బాపట్ల మసూరి నుండి కమల వరకు

విజయవాడ వద్ద 1855 లో కట్టిన ఆనకట్టయు, తరువాత 1957 లో వెలసిన ప్రకాశం బ్యారేజియు కృష్ణాడెల్టాకు నీరిచ్చినవి. ఆ నీటికి దీటైన విత్తనము బాపట్లలో పుట్టినది. అచ్చటి శాస్త్రజ్ఞులు కోయంబత్తూరు వంగడమగు జి.ఇ.బి. 24 ను, తైవాను పొట్టివరిని, మసూరిని సంకరము చేసి, సంతతులను ఏండ్ల తరబడి ఏరి, 1986 లో బి.పి.టి. 5204 ను విడుదల చేసిరి. అదియే సాంబ మసూరి. ఏ జన్యువు ఎచ్చట నున్నదో తెలియకయే, కంటికి కనబడు గింజను, వెన్నును చూచి సాధించిన విజయమిది.

దీనికి లోపములును గలవు. బాక్టీరియా ఎండాకు తెగులు సులభముగ సోకును. పంట చేతికి వచ్చుటకు ఇంచుమించు ఐదు నెలలు పట్టును; అంతలో తుపానుల కాలము వచ్చును. 2023 డిసెంబరు 5 న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినపుడు కోతకు వచ్చిన వరియు, పనలమీద నున్న వరియు నీట మునిగినవి.

తెగులు సంగతి ముందు తీరినది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు మూడు నిరోధక జన్యువులను సంకరము ద్వారానే ఈ వరిలో చేర్చి, 2008 లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేసిరి. జన్యువు ఏ మొక్కలో చేరినదో డి.ఎన్.ఏ. గుర్తులను బట్టి కనుగొనిరి. అనగా జన్యులిపిని చదువగలిగిరే గాని దిద్దలేదు.

దిద్దు సాధనము 2012 లో దొరికినది. బాక్టీరియాలు తమపై దాడిచేయు వైరసుల డి.ఎన్.ఏ.ను ఖండించు ఏర్పాటును, కోరినచోట కత్తిరించు కత్తెరగా వాడవచ్చునని షార్పెంటియే, డౌడ్నా అను విదుషీమణులు చూపిరి. అదే క్రిస్పర్, 2020 లో వారికి నోబెల్ బహుమతి లభించెను. హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థ ఈ కత్తెరతో సాంబ మసూరిలోని ఒక జన్యువును పనిచేయకుండ చేసినది. ఆ జన్యువు వలన పుట్టు ఎంజైము సైటోకైనిన్ అను హార్మోనును విరుగగొట్టును. ఎంజైము తగ్గగా హార్మోను నిలిచి, వెన్నులో గింజలు హెచ్చును. ఈ వంగడమే 2025 మే 4 న కేంద్రప్రభుత్వము ప్రకటించిన "కమల". దిగుబడి 19 శాతము ఎక్కువ, కోత 20 దినములు ముందు అని ప్రకటనలో నున్నది. డెల్టా రైతునకు రెండవ అంకెయే విలువైనది. గింజ గాదెకు చేరుటకును, పొలముననే మొలకెత్తుటకును ఇరువది దినములే భేదము కావచ్చును.

ఇది సంశ్లేషణ జీవశాస్త్రమగునా? దాని గుమ్మము వద్దనున్నదనుట సరి. జన్యువులను క్రొత్తగా వ్రాసి, కూర్చి, కణముచే కోరిన పని చేయించుట ఆ శాస్త్రము. అమెరికాలో కీస్లింగ్ బృందము 2006 లో మొక్క జన్యువును ఈస్టులో అమర్చి మలేరియా మందునకు ముడిపదార్థమును తయారుచేయించెను. 2010 లో వెంటర్ బృందము పదిలక్షలకు పైబడిన అక్షరముల జన్యులిపిని రసాయనికముగ కూర్చి బాక్టీరియాకణమున నిలిపెను. వీటిప్రక్కన కమల, గ్రంథములో ఒక మాట కొట్టివేసినంతటిదే.

అయినను వివాదము తప్పలేదు. పరాయి జన్యువు లేని ఇట్టి పంటలకు కేంద్రము 2022 లో కొన్ని నిబంధనల నుండి మినహాయింపునిచ్చెను. ఆ మినహాయింపును, క్షేత్రపరీక్షల లెక్కలను కొన్ని సంఘములు ప్రశ్నించినవి. బి.పి.టి. 5204 విత్తనమును రైతు తన పంట నుండియే దాచుకొనగలడు. కమలయు సంకరవిత్తనము కాదు గనుక దానినిగూడ అట్లే దాచుకొన వీలున్నది. కాని కత్తెరపై మూలపేటెంటులు విదేశసంస్థల పేరనున్నవి. ఆ హక్కు విత్తనము దాకా వచ్చునా అని రైతుసంఘములు అడిగినవి.