మ్యూచువల్ పార్టీ

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో ఇద్దరు తెలుగువాళ్లు ఎదురుపడితే ఒకప్పుడు కుశల ప్రశ్నకు ముందే వచ్చే మాట "ఏటి బావా, పార్టీ దొరికాడా?" అని. వాల్తేరులో మన గ్రేడులోనే పనిచేస్తూ, అక్కడ వేగలేక ఇటు రావాలని చూస్తున్న మనిషే మ్యూచువల్ పార్టీ. అతను దొరికితే ఇద్దరూ కుర్చీలు మార్చుకోవచ్చు. దొరక్కపోతే ఎంత విసుగెత్తినా డ్యూటీకి వెళ్లాల్సిందే. నేను గుమాస్తాగిరీ చేసింది బదిలీ కాగితాలు చూసే సీట్లో కాబట్టి ఈ వెతుకులాట అంతా నా టేబుల్ మీంచే నడిచింది.

మనవాళ్లు ఇంత దూరం రావడానికి దారి వేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1909 నాటికే రైలు నడిచేది. అక్కణ్ణుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ దాకా లైను పూర్తయింది 1931లో. సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసును విశాఖ రేవుకు దించడం కోసం వేసిన లైను అది. రేవు 1933లో తెరిచారు. ఖనిజం కిందికి దిగింది, బొబ్బిలి, పార్వతీపురం వైపు మనుషులు పైకెక్కారు. గ్యాంగ్‌మన్లు, ఖలాసీలు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు. రాత్రికి రైలెక్కితే తెల్లారేసరికి సొంతూరి మనుషులు కనబడతారన్న ధైర్యమే వాళ్లను ఇక్కడ నిలబెట్టింది. వెళ్లిపోదామన్న ఆలోచన చావకుండా చూసిందీ అదే రైలు.

పని నచ్చకపోతే పోట్లాడటమూ మనవాళ్లకు తెలుసు. ఈ బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెను 1920ల చివర్లో నడిపిన నాయకుడు వి.వి. గిరి. 1974 మే 8 నుంచి 27 దాకా దేశమంతా రైల్వే సమ్మె జరిగినప్పుడు ఆయనే రాష్ట్రపతి! ఆ సమ్మెలో వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అది చూశాక చాలామంది ఇళ్లలో జెండా కంటే బదిలీ దరఖాస్తు మేలనుకున్నారు.

దరఖాస్తుకు రెండు దారులు. మొదటిది సొంత కోరికపై బదిలీ. అందులో "బాటమ్ సీనియారిటీకి అంగీకరిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టాలి. అంటే కొత్తచోట ఆ గ్రేడులో అప్పటికే ఉన్నవాళ్లందరి కింద మన పేరు చేరుతుంది. ఇరవయ్యేళ్ల సర్వీసు ఉన్నవాడు నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి వెనక నిలబడాలి. బదిలీ భత్యం కూడా రాదు. రెండోది మ్యూచువల్. ఇందులో నష్టం తక్కువ, కానీ ఉంది: ఇద్దరిలో సీనియరు జూనియరు స్థానానికి దిగాలి, జూనియరు మాత్రం పైకి పోడు. రైల్వేలో జీతం కంటే పెద్ద ఆస్తి సీనియారిటీ లిస్టులో మన నంబరు. ఆ మాట రిటైరయ్యేదాకా చాలామందికి అర్థం కాదు.

బొబ్బిలి వైపు ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. పైవాడితో పడక, రోజూ నా దగ్గరికి వచ్చి "ఏటండి బాబూ, మాకీ నరకమేటి" అనేవాడు. ఎట్టకేలకు పార్టీ దొరికాడు. ఆరంగ్ దగ్గర పొలమున్న ఛత్తీస్‌గఢీ కుర్రాడు, వాల్తేరులో అన్నం సయించక ఇటు రావాలని తహతహలాడుతున్నాడు. అయితే మా ఫిట్టరు అతనికంటే బాగా సీనియరు, ఇక్కడ తర్వాతి ప్రమోషను తనదే. రెండు లిస్టులు పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన వేలితో ఇక్కడి తన పేరు మీద ఒకసారి, అక్కడ తాను దిగబోయే చోట ఒకసారి తడిమి, "ఈ ఒక్క ప్రమోషనూ తీసుకుని ఎల్లిపోతానండి" అన్నాడు. ప్రమోషను వచ్చింది. గ్రేడు మారింది. మ్యూచువల్‌కు ఇద్దరూ ఒకే గ్రేడులో ఉండాలి కాబట్టి ఆరంగ్ కుర్రాడు ఇక పార్టీ కాకుండా పోయాడు. ఈలోగా తగువు పెట్టుకున్న పైవాడే ఇంకోచోటికి బదిలీ అయిపోయాడు. ఫిట్టరు పిల్లలు హిందీలో చదివి, ఇక్కడే సంబంధాలు కలుపుకున్నారు. ఆయన ఇక్కడే రిటైరయ్యాడు.

ఆయన పిరికివాడని నేననుకోను. పైవాడి మీద కోపంతో ఊరు వదిలినవాళ్లు రెండు ఊళ్లలోనూ చెడేవాళ్లు. నేను చూసినవాళ్లలో సుఖపడినవాళ్లు తల్లిదండ్రుల కోసమో, పొలం కోసమో వెళ్లినవాళ్లే. వాళ్లు లిస్టులో నంబరు ఎంతని అడగనైనా అడగలేదు.

2003 ఏప్రిల్ 1 దాకా వాల్తేరు డివిజనూ, మా రాయపూర్ ఉన్న బిలాస్‌పూర్ డివిజనూ రెండూ గార్డెన్ రీచ్ కేంద్రంగా నడిచే సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనే ఉండేవి. ఆ రోజున రాయపూర్ కొత్త డివిజనై కొత్త సౌత్ ఈస్ట్ సెంట్రల్ జోన్‌లో చేరింది, వాల్తేరు ఈస్ట్ కోస్ట్ జోన్‌లోకి పోయింది. పట్టాలవే, సమతా ఎక్స్‌ప్రెస్ అదే, కానీ బదిలీకి రెండు జోన్ల అనుమతి కావాల్సి వచ్చింది. ఫైలు తిరగడానికి పట్టే కాలం చూసి సగం మంది ఆశ వదులుకున్నారు. 2019 ఫిబ్రవరిలో విశాఖ కేంద్రంగా సౌత్ కోస్ట్ జోన్ ప్రకటించినప్పుడు కాలనీలో పాతవాళ్లు మళ్లీ లెక్కలు మొదలెట్టారు. మా మేనల్లుడైతే ఫోన్ చేసి, "మావయ్యా, అప్లై చేసేదా?" అన్నాడు. లిస్టులో నీ నంబరెంతో చూసుకుని ఫోన్ చెయ్యరా అన్నాను.