జకార్తా 1962: సయ్యద్ అబ్దుల్ రహీం వ్యూహరచన – ఒక పరిశీలన

హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఆ జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఒకసారి తమను ఓడించిన ప్రత్యర్థిని అదే పోటీలో తిరిగి ఎదుర్కొనడంలో ఆయన చూపిన నేర్పుకు 1962 జకార్తా ఆసియా క్రీడలు ముఖ్య ఆధారం.

తొలి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాత థాయిలాండ్‌పై 4-1తో గెలిచినా, రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆయనను పక్కన పెట్టడమే సహజం. రహీం మాత్రం సెమీఫైనల్లో ఆయనను సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంపై 3-2తో సాధించిన ఆ విజయంలో జర్నైల్ గోలు కూడా ఉంది.

ఈ మార్పును ఫైనల్ నాటి సాహసంగా వర్ణించడం పరిపాటి. మ్యాచ్‌ల క్రమాన్ని గమనిస్తే అది అప్పటికే పరీక్షించి చూసిన ఎత్తుగడ అని స్పష్టమవుతుంది. నిజానికి సాహసం అంతకుముందే జరిగిపోయింది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో, అనారోగ్యం నుండి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ను రహీం గోల్‌కీపర్‌గా దించారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ మొదటి అర్ధభాగంలోనే చెరొక గోలు చేశారు. కొరియాకు చివర్లో ఒక్క గోలే దక్కింది.

అవే క్రీడల హాకీ ఫైనల్లో భారత్ 0-2తో పాకిస్తాన్ చేతిలో ఓడింది. రోమ్ ఒలింపిక్ ఫైనల్లో అదే ప్రత్యర్థికి తలవంచి అప్పటికి రెండేళ్ళే.

క్యాన్సర్‌తో బాధపడుతూ రహీం 1963 జూన్‌లో మరణించారు.