పనికి పని బదులు: ఊరంతా కలిసి కప్పుకున్న ఇళ్లు



నాట్లప్పుడు "మీరు మా మడికి రండి, మేం మీ మడికొస్తాం" అనుకోవడం మనకు కొత్త కాదు. డబ్బు చేతులు మారదు, పనికి పని తీరిపోతుంది. జపాన్ రైతులు దీన్ని 'యుయి' అంటారు. వాళ్లూ వరి నాట్లకు ఇదే పద్ధతి వాడారు. దాంతోనే పాత ఇళ్లను కూడా నిలబెట్టుకున్నారు. ఆ సంగతి మనకూ పనికొస్తుందని రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

జపాన్‌లో గిఫు అనే ప్రాంతం, అందులో షో నది లోయ. అక్కడి షిరకావా-గోలో ఒగిమచి అనే ఊరుంది. చలికాలం వస్తే మనిషెత్తు మంచు పడుతుంది. ఆ బరువు కప్పు మీద నిలవకుండా జారిపోవాలని, దాదాపు 60 డిగ్రీల వాలుతో గడ్డి కప్పులు వేసుకున్నారు. చూడ్డానికి దండం పెట్టిన రెండు చేతుల్లా ఉంటాయి. వాటి పేరుకు అర్థం కూడా అదే. కప్పు కింద రెండు మూడు అటకలుంటాయి. అక్కడ పట్టుపురుగులు పెంచేవారు. కప్పు కట్టుకు మేకులు లేవు, వాసాలన్నీ తాళ్లతోనూ పచ్చి కొమ్మల మెలికలతోనూ బిగించినవే. కింద పొయ్యి పొగ పైకి పోయి, గడ్డికీ తాళ్లకీ పురుగు పట్టకుండా కాపాడేది.

అయినా 30, 40 ఏళ్లకోసారి కప్పు మార్చక తప్పదు. అంత పెద్ద కప్పుకు గడ్డి కోయాలి, ఎండబెట్టాలి, మోయాలి, పైకి అందించాలి. ఒక్క కుటుంబం ఏళ్ల తరబడి చేసినా తెమిలే పని కాదు. అందుకే ఊరంతా దిగేది. వంద నుంచి రెండొందల మంది కలిస్తే కప్పులో ఒక వైపు ఒకటి రెండు రోజుల్లో అయిపోయేది. మగవాళ్లు కప్పెక్కితే ఆడవాళ్లు అంతమందికీ వంట చూసేవారు.

ఇక్కడ మనం గమనించాల్సింది వాళ్ల లెక్క పుస్తకం. ఎవరింటి నుంచి ఎవరొచ్చారు, ఎంత గడ్డి, ఎన్ని తాళ్లు ఇచ్చారు, అన్నీ రాసి పెట్టుకునేవారు. ఆ ఇంటి వంతు వచ్చినప్పుడు అంతా తిరిగి ఇవ్వాలి. తండ్రి చేయించుకున్న పనికి కొడుకు బదులు తీర్చిన సందర్భాలూ వచ్చేవి, ఎందుకంటే ఒక కప్పుకీ ఇంకో కప్పుకీ మధ్య ఒక తరం గడిచిపోతుంది. నోటి మాట అన్నేళ్లు నిలవదని వాళ్లకు తెలుసు.

తర్వాత కాలం మారింది. షో నది మీద మిబోరో డ్యాం 1961లో పూర్తయింది, కొన్ని పల్లెలు నీళ్లలో మునిగాయి. జనం పట్నాలకు పోయారు. పాత ఇళ్లు కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని కూల్చేశారు. అప్పుడు 1971లో ఒగిమచి జనం సంఘంగా ఏర్పడి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: ఇల్లు అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు. 1976లో ప్రభుత్వం ఆ ఊరిని రక్షిత ప్రాంతంగా గుర్తించింది. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూశారా, ముందు ఊరు కదిలింది, ఆ తర్వాతే ప్రభుత్వం వచ్చింది.

ఇప్పుడు అక్కడా చాలా కప్పులు ప్రభుత్వ సాయంతో, డబ్బిచ్చి చేయిస్తున్నారు. యుయి అప్పుడప్పుడే జరుగుతోంది. పొలం పనులు తగ్గి, మనుషులు తగ్గితే బదులు పని కూడా పలచబడుతుంది. అది ఎక్కడైనా అంతే.

మన ఊళ్లలో పెంకుటిళ్లు ఇంకా ఉన్నాయి. వానలకు ముందు పెంకులు సర్ది, పుచ్చిన వాసం మారిస్తే ఇల్లు ఇంకో తరం నిలుస్తుంది. ఒక్కడికి అది భారం. పైకెక్కే మనిషి దొరకడు, దొరికినా కూలి గిట్టదు. చివరికి విసిగిపోయి, ఇల్లు కూల్చి, అప్పు చేసి స్లాబు వేస్తాం. పది ఇళ్లవాళ్లు ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏడాదికి రెండు మూడు ఇళ్ల చొప్పున వంతులేసుకుంటే ఎలా ఉంటుంది? స్లాబుకు అప్పు తేబోయే ముందు, ఈ మాట ఒక్కసారి రచ్చబండ దగ్గర కదిపి చూడండి.