కృష్టా గౌడ్ అనే పేరు ఏ ఊరిదీ కాదు

మా చెన్నూరు వైపు కృష్ణుడు పండుగనాడే కృష్ణుడు. మిగతా రోజులన్నీ కిష్టయ్యే. కిష్టన్న, కిష్టమ్మ, కిష్టాగౌడ్. ఓటరు లిస్టులో, బడి రిజిస్టర్‌లో ఇంగ్లీషులో రాసేటప్పుడు కొందరు ఉన్నదున్నట్టు రాస్తారు, కొందరు దిద్ది కృష్ణయ్య చేస్తారు. సుప్రీంకోర్టు రికార్డులో మాత్రం ఈ రెండూ కాని మూడో పని జరిగింది. ఎవరి చేతిలో జరిగిందో గానీ, దిద్దడం మొదలుపెట్టి సగంలో వదిలేశారు. 'కి' తీసి 'కృ' పెట్టారు, 'ష్ట'ని అలాగే ఉంచారు. అలా 'కృష్టా గౌడ్' పుట్టాడు. ఈ పేరు సంస్కృతం కాదు, మాదీ కాదు. ఏ ఊళ్లోనూ ఏ తల్లీ ఈ పేరుతో కొడుకుని పిలిచి ఉండదు.

'సుప్రీం కోర్ట్ కేసెస్' 1976 మొదటి సంపుటం, 157వ పేజీ. 'జి. కృష్టా గౌడ్ అండ్ జె. భూమయ్య వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్'.

భూమయ్య, కిష్టాగౌడ్ అంటే పాత ఆదిలాబాద్ జిల్లాలో పరిచయం అక్కర్లేదు. మా ఇంట్లో ఆ రెండు పేర్లనీ విడదీసి అనగా నేను వినలేదు; 'భూమయ్యకిష్టాగౌడ్' అని ఒకే మనిషి పేరులా అనేవాళ్లు. నక్సలైట్ ఉద్యమంలో పనిచేసిన ఇద్దరు రైతులు. హత్య కేసులో మరణశిక్ష పడింది. రాష్ట్రపతి క్షమాభిక్ష నిరాకరించారు. కె.జి. కన్నబిరాన్ లాంటి న్యాయవాదులు, పౌరహక్కుల వాళ్లు, రచయితలు ఉరి ఆపడానికి చాలా పెనుగులాడారు. ఆగలేదు. ఎమర్జెన్సీ నడుస్తుండగా 1975 డిసెంబర్ 1న హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో ఇద్దర్నీ ఉరి తీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది.

నేను వకీలును కాను. ఈ ఇద్దరి గురించి పాటలూ వ్యాసాలూ చదివినదాన్నే తప్ప, వాళ్ల కేసు గురించి కోర్టు స్వయంగా ఏం రాసిందో ఎన్నడూ చదవలేదు. చదవాలనుకున్నప్పుడు అందరూ చేసే పనే చేశాను. ఫోన్ తీసి, ఒక ఉచిత వెబ్‌సైటులో పేరు కొట్టాను. మా ఊరి ఉచ్చారణ ప్రకారం కొట్టాను. రాలేదు. 'కృష్ణా గౌడ్' అని కొడితే వేరే కృష్ణాగౌడ్‌లు వందల మంది వచ్చారు, అందరివీ భూమి తగాదాలే. తెలుగులో కొట్టినా లాభం లేకపోయింది. ఈ యంత్రానికి అక్షరమే తెలుసు. కిష్టా, కృష్ణా ఒకటేనని చెన్నూరులో ఐదో క్లాసు పిల్లకు తెలిసిన సంగతి దానికి తెలియదు.

హైదరాబాద్‌లో ఒక లా లైబ్రరీకి వెళ్లి అడిగితే, బల్ల వెనక కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "పేరుతోని దొరకదమ్మా. సైటేషన్ ఉందా? లేకుంటే సబ్జెక్టు చెప్పు." సబ్జెక్టు ఉరి అన్నాను. "ఉరి కాదు, ఉరి మీద ఏం అడిగిన్రు? అప్పీలా, క్షమాభిక్షా?" క్షమాభిక్ష అన్నాను. డైజెస్టులో రాజ్యాంగం విభాగం తీసి ఆర్టికల్ 72 దగ్గర వేలు పెట్టించాడు. అంతే, పది నిమిషాల పని. ఆర్టికల్ 72 అంటే రాష్ట్రపతి క్షమాభిక్ష అధికారం, 161 గవర్నర్‌ది. డైజెస్టు అనేది తీర్పుల సారాన్ని విషయాలవారీగా పేర్చిన పుస్తకం. అందులో పేరు ఎలా రాసినా ఫర్వాలేదు, కేసు ఏ ప్రశ్న అడిగిందో అదే అడ్రసు. కాగితం పుస్తకాన్ని మెచ్చుకోవడానికి నాకు పాత కాగితం వాసన అక్కర్లేదు. పేరు తప్పు పడ్డ మనుషుల్ని కూడా అది దొరకనిస్తుంది.

అయితే దొరకనిచ్చే పద్ధతిలోనే ఒక మెలిక ఉంది. ఆ మెలిక కోసమే ఈ వ్యాసం.

తీర్పు రాసింది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్. ఆయన ఇంగ్లీషు సంగతి తెలిసిందే, ఒక్కో వాక్యం ఊరేగింపులా వస్తుంది. పిటిషనర్ల తరఫు వాదన సారాంశం ఇది: వీళ్లు సొంత లాభం కోసం చంపినవాళ్లు కారు, రాజకీయ ఆశయం కోసం చేసినవాళ్లు, క్షమాభిక్ష తేల్చేటప్పుడు ఆ తేడా చూడాలి. కోర్టు దాంట్లోకి దిగలేదు. ఆ తూకం రాష్ట్రపతిది, మాది కాదంది. అంటూనే రెండు తలుపులు తెరిచి పెట్టింది. ఒకటి, క్షమాభిక్ష అధికారాన్ని దురుద్దేశంతో, ఇష్టారాజ్యంగా వాడినట్టు రుజువైతే కోర్టు చేతులు కట్టుకుని కూర్చోదు. రెండు, ఒకసారి పిటిషన్ తిరస్కరించినంత మాత్రాన ఆ అధికారం అయిపోదు, మళ్లీ అడగవచ్చు, మళ్లీ పరిశీలించవచ్చు. పిటిషన్ మాత్రం కొట్టేసింది.

సంపుటం మీద 1976 అని ఉంది. అంటే ఈ తీర్పు అచ్చై వకీళ్ల బల్లల మీదికి వచ్చేసరికి, మళ్లీ అడగవచ్చని అది ఎవరి కేసులో చెప్పిందో ఆ ఇద్దరూ లేరు. ఆ మాట ఇక ఎవరికైనా పనికొస్తుంది, వాళ్లకు తప్ప.

పేజీ పైన హెడ్‌నోట్ ఉంటుంది. అది జడ్జీ రాసింది కాదు, రిపోర్టు ఎడిటర్లు రాసే సారాంశం. వకీళ్లలో చాలామంది చదివేది అంతవరకే అని వకీళ్లే చెబుతారు. ఈ హెడ్‌నోట్ల విలువ ఎంతంటే వాటి మీద సుప్రీంకోర్టులోనే వ్యాజ్యం నడిచింది. లక్నోలోని ఈస్టర్న్ బుక్ కంపెనీకీ డి.బి. మోదక్‌కీ మధ్య. తీర్పు మూలపాఠం మీద ఎవరికీ కాపీరైటు లేదు, ఎడిటర్లు స్వయంగా చేర్చినదానికి కొంత రక్షణ ఉంటుందని 2007 డిసెంబర్‌లో తేల్చారు. అందుకే ఉచిత సైట్లలో తీర్పు ఉంటుంది గానీ ప్రచురణకర్త హెడ్‌నోట్ ఉండదు. హెడ్‌నోట్ కావాలంటే చందా కట్టాలి, లేదా లైబ్రరీ మెట్లెక్కాలి. ఇండియన్ కానూన్ 2008లో వచ్చింది. సుప్రీంకోర్టు తన సొంత రిపోర్టుల్ని 2023 జనవరిలో ఈ-ఎస్.సి.ఆర్ పేరుతో ఉచితంగా పెట్టింది, మొదట్లోనే దాదాపు 34 వేల తీర్పులు. చెన్నూరులో కూర్చుని ఇవన్నీ చదవొచ్చు. చిన్న మార్పు కాదిది. మా తాతల కాలంలో తీర్పు చదవాలంటే వకీలుకు దండం పెట్టాల్సి వచ్చేది.

స్క్రీన్ మీద తీర్పు ఒంటరిగా వస్తుంది. సంపుటంలో దానికి ఇరుగుపొరుగు ఉంటారు. 1976 మొదటి సంపుటం పక్కనే రెండోది ఉంది. దాంట్లో 521వ పేజీ తీస్తే ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసు. ఎమర్జెన్సీలో అక్రమంగా నిర్బంధించినా హెబియస్ కార్పస్ కోసం కోర్టు తలుపు తట్టే హక్కు లేదని నలుగురు జడ్జీలు అన్నారు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1976 ఏప్రిల్ 28 నాటి తీర్పు. దాని గురించి పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. అదే ఏడాది, అదే గోధుమరంగు అట్టల మధ్య, మొదటి సంపుటంలో మా వాళ్లిద్దరున్నారు. ఈ రెంటినీ కలిపి చదవమని ఏ సెర్చ్ బాక్సూ నాకు చెప్పలేదు. అల్మరా చెప్పింది.

ఇంకాస్త వెనక్కి నడిస్తే 1974 సంపుటాల్లో 'ఈడిగ అనమ్మ' కేసు తగులుతుంది. అదీ ఆంధ్రప్రదేశ్‌దే, అదీ కృష్ణయ్యర్ రాసిందే. ఆమె మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు. రాయలసీమలో ఈడిగ అంటే మా దగ్గర గౌడ. ఒకే తాటిచెట్టు వృత్తి. కేసుల పేర్ల పట్టికలో ఆమె 'ఈ' కింద ఉంటుంది, కులమే మొదటి పేరైనట్టు. ఇంకా వెనక 1951 ఏఐఆర్‌లో 'జనార్దన్ రెడ్డి వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ పన్నెండు మంది కమ్యూనిస్టుల కేసు. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించాడు. రాజ్యాంగం రాకముందు తీర్పిచ్చిన హైదరాబాద్ హైకోర్టు అప్పటికి భారత భూభాగంలోని కోర్టు కాదని, కనుక ఆర్టికల్ 136 కింద అప్పీలు వినలేమని సుప్రీంకోర్టు అంది. కోర్టులో ఓడినా వాళ్ల ప్రాణాలు దక్కాయి, శిక్షలు యావజ్జీవానికి తగ్గాయి. అంటే తెలంగాణ భూమి తగాదాల్లో ఉరితాడు దాకా పోయినవాళ్ల విషయంలో ప్రభుత్వం క్షమించలేనిదేం కాదు, ఒకసారి క్షమించింది. ఈ మాట 157వ పేజీలో ఎక్కడా లేదు. ఇదీ అల్మరాల మధ్య నడిచి పోగుచేసుకోవాల్సిందే.

ఇక అసలు మెలిక. 157వ పేజీ నుంచి తీర్పు చివరిదాకా నేను వెతికింది భూమి గురించి. ఏ భూమి, ఎవరి భూమి, ఎందుకు? ఆ తీర్పు నుంచి ఆ కథ తెలియదు. తప్పు పట్టలేం. కోర్టు ముందున్న ప్రశ్న క్షమాభిక్ష, హత్య నిజమా కాదా అని కాదు. కానీ దాని ఫలితం చూడండి. డైజెస్టులో ఈ కేసు రాజ్యాంగం అల్మరాలో, ఆర్టికల్ 72 కింద స్థిరపడిపోయింది. గదికి అవతలి చివర రెవెన్యూ, భూచట్టాల అల్మరా ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం, దాని 38-ఈ సెక్షన్ కింద రక్షిత కౌలుదార్ల కేసులు వరుసలు వరుసలు. ఆదివాసీ ప్రాంతాల మీద నిజాం కాలపు 1356 ఫసలీ రెగ్యులేషన్. (ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం, అంటే 1946. కుమ్రం భీం చనిపోయిన ఆరేళ్లకు.) 1973 నాటి భూసంస్కరణల చట్టం, సీలింగు చట్టం అంటారు, అది అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న. అదే సంవత్సరం చివర ఉరి.

ఒకే ఏడాది ఒక చివర ప్రభుత్వం భూస్వామి మిగులు భూమిని తీసుకుంటానని చట్టం అమలు మొదలుపెట్టింది. ఇంకో చివర భూస్వాముల మీద తిరగబడ్డ ఉద్యమంలోని ఇద్దర్ని ఉరి తీసింది. ఈ రెండు అల్మరాల మధ్య ఇరవై అడుగుల దూరం. ఈ అల్మరా నుంచి ఆ అల్మరాకు దారి చూపే 'ఇది కూడా చూడండి' అనే ఒక్క సూచన కూడా నాకు డైజెస్టులో కనబడలేదు. డిజిటల్‌లో అడుగుల దూరం పోయింది, వర్గీకరణ అలాగే మిగిలింది.

కింది కోర్టు రికార్డు చదివితే తెలుస్తుంది కదా అంటారు. లా రిపోర్టులు సాధారణంగా హైకోర్టు నుంచే మొదలవుతాయి. సాక్షి ఏ యాసలో ఏం చెప్పాడో, పంచనామా మీద ఎవరి వేలిముద్ర పడిందో లా లైబ్రరీలో ఉండదు. అది కోర్టు రికార్డు గదిలో ఉంటుంది. గడువు తీరిన రికార్డుల్ని నాశనం చేయడానికి ఈ దేశంలో 1917 నుంచే ఒక చట్టం ఉంది. పుస్తకాలదీ శాశ్వతమైన బతుకేం కాదు. 2009లో మూసీ ఒడ్డున హైకోర్టు భవనంలో మంటలు లేచినప్పుడు లైబ్రరీ పుస్తకాలు కాలిపోయాయి. కాగితమా, కంప్యూటరా అని వాదించుకునేవాళ్లు ఆ ఏడాదిని గుర్తు పెట్టుకుంటే మంచిది. అందుకని స్కాన్ చేయడమంటే నాకు గౌరవమే. స్కాన్ చేసేవాళ్లు అచ్చు పుస్తకాల దగ్గరే ఆగిపోకుండా రికార్డు గదుల దాకా పోవాలన్నదే నా పేచీ.

మా చిన్నమ్మ కొడుకు కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు. సంపుటం పేజీ ఫొటో తీసి పంపాను. వెంటనే ఫోన్ చేసిండు. "అక్కా, ఈ కేసు మాకు సిలబస్‌ల ఉండె. రెండోసారి మెర్సీ పిటిషన్ వేయొచ్చు అనేదానికి ఇదే అథారిటీ." అవునురా, మరి వీళ్లెవరో తెలుసా అన్నాను. "ఎవరో ఆంధ్రోళ్లు అనుకున్న. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అని ఉంటది కదా." ఒకసారి పేర్లు మన యాసలో చదువురా అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "భూమయ్యకిష్టాగౌడ్‌లా?" అన్నాడు, మా అమ్మమ్మ అన్నట్టే, విడదీయకుండా.

వాడు ఆ రాత్రి ఈ తీర్పును తర్వాత ఏయే తీర్పులు ఉదహరించాయో చందా సైటులో లాగి పంపాడు. కాగితం మీద అయితే నాకు వారం పట్టేది, వాడికి నిమిషం. ఆ జాబితాలో 2006 నాటి 'ఏపూరు సుధాకర్' కేసు ఉంది. మన రాష్ట్రానిదే. ఒక రాజకీయ నాయకుడికి గవర్నర్ ఇచ్చిన శిక్ష తగ్గింపును సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇష్టారాజ్యంగా అధికారం వాడితే కోర్టు ఊరుకోదన్న 1975 నాటి మాటను అందులో ఎత్తి రాశారు. భూమయ్య, కిష్టాగౌడ్‌ల ప్రాణాలు నిలపలేకపోయిన ఆ వాక్యం, ముప్పై ఏళ్ల తర్వాత పలుకుబడి ఉన్నవాడికి దక్కిన దయను వెనక్కి తీసుకోవడానికి పనికొచ్చింది.