ఎఫ్.ఏ. ఫెయిల్, నెలకి 75 రూపాయల స్కాలర్‌షిప్

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్‌కి వాడు మోజుపడ్డ యూనివర్సిటీ కనీసం 3.0 జీపీఏ ఉండాలంటోంది. వీడిది ఎలా లెక్కేసినా 2.8 దాటట్లేదు. "అన్నయ్యా, అప్లై చెయ్యమంటావా, ఫీజు దండగా?" అన్నాడు. మనందరికీ అలవాటైన జవాబే నా నోట్లోంచీ వచ్చింది. "ఒరేయ్, రామానుజన్ ఎఫ్.ఏ. ఫెయిలయ్యాడు, కేంబ్రిడ్జి వెళ్ళలేదూ?" వాడు కాసేపాగి "ఎలా వెళ్ళాడు మరి?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. మేధావి కాబట్టి వెళ్ళాడు అంటే ఎలా? రూల్సు అప్పుడూ ఉన్నాయిగా! ఆ రాత్రి కూర్చుని చదివితే, ఈ కథలో మనం ఎప్పుడూ దాటేసే చోటే అసలు సంగతి ఉందని తెలిసింది.

ముందు మార్కుల విషయం. 1904లో కుంభకోణం టౌన్ హైస్కూల్లో లెక్కల బహుమతి తీసుకుని, స్కాలర్‌షిప్ మీద అక్కడి గవర్నమెంట్ కాలేజీలో ఎఫ్.ఏ.లో చేరాడు. ఎఫ్.ఏ. అంటే ఇంచుమించు మన ఇంటర్ అనుకోండి. లెక్కలు తప్ప ఇంకేదీ పట్టించుకోలేదు. ఇంగ్లీషు పోయింది, దాంతోపాటే స్కాలర్‌షిప్పూ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా పారిపోయాడు. ఎక్కడికో తెలుసా? మన విశాఖపట్నానికి! తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి 1906లో పరీక్ష రాస్తే మళ్ళీ తప్పాడు. 1907లో ప్రైవేటుగా కట్టాడు, అదీ అంతే. ఫిజియాలజీ లాంటి సబ్జెక్టులు ఆయన్ని బతకనివ్వలేదు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే బ్యాక్‌లాగ్స్ క్లియర్ చెయ్యకుండానే ఇంటర్ వదిలేసిన కుర్రాడు.

అక్కణ్ణుంచి ఆయన చేసింది ఒకటే. నోట్‌బుక్కులు చంకలో పెట్టుకుని, వాటిని చదవగలిగినవాళ్ళ కోసం తిరగడం. 1910 చివర్లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారిని కలిశాడు. ఆయనకి లెక్కలంటే ఇష్టం, ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీలో ముఖ్యుడు. మొదటిసారే నమ్మేయలేదు, కొన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడాకే నమ్మాడు. నమ్మాక నెలకి 25 రూపాయలు తన జేబులోంచి పంపాడు. 1912 మార్చిలో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913 జనవరిలో హార్డీకి ఉత్తరం రాయడం అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను.

ఇప్పుడు అసలు ఘట్టం. 1913 ఫిబ్రవరిలో గిల్బర్ట్ వాకర్ పోర్ట్ ట్రస్ట్‌కి వచ్చాడు. వాతావరణ శాఖ పెద్ద. మనం ప్రతి ఎండాకాలం ఎల్‌నినో అని భయపడుతుంటామే, దానికి సంబంధించిన లెక్కల్లో పునాది వేసింది ఈయనే. నోట్‌బుక్ చూసి, మర్నాడే మద్రాసు యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. మార్చిలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగు. పిలిచింది ఇంజినీరింగ్ కాలేజీ లెక్కల ప్రొఫెసరు బి. హనుమంతరావు గారు. నెలకి 75 రూపాయల చొప్పున రెండేళ్ళు రీసెర్చి స్కాలర్‌షిప్ ఇమ్మని బోర్డు సిఫార్సు చేసింది.

ఏప్రిల్లో అది సిండికేట్ ముందుకెళ్ళింది. చిక్కంతా అక్కడే. ఆ స్కాలర్‌షిప్‌కి మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. మనవాడికి ఎఫ్.ఏ. కూడా లేదు! అంటే కటాఫ్‌కి ఓ పాయింటు తక్కువ కాదు, మూడు మెట్లు కింద. అప్పుడు హైకోర్టు జడ్జి పి.ఆర్. సుందరం అయ్యర్, రూల్ పక్కన పడేద్దాం అనలేదు. యూనివర్సిటీని స్థాపించిన చట్టం తీసి, పరిశోధనను ప్రోత్సహించడం యూనివర్సిటీ పనుల్లో ఒకటని దాని పీఠికలోనే ఉంది కదా అన్నాడు. కింది రూల్ అడ్డొస్తే పైరూల్ చదివాడన్నమాట. లాయర్ బుర్ర! స్కాలర్‌షిప్ మంజూరైంది, మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలన్న షరతు మీద.

కేంబ్రిడ్జిలోనూ ఇదే తంతు. 1914లో అక్కడికి వెళ్ళినప్పుడు కావలసిన అర్హత లేకపోయినా చేర్చుకున్నారు. 1916 మార్చిలో పరిశోధన మీద బీఏ ఇచ్చారు.

ఇక్కడ నాకో అనుమానం వచ్చింది. మన దగ్గర మినహాయింపు అంటే పైరవీ అనే అర్థం. మంత్రిగారి ఉత్తరానికీ వాకర్ ఉత్తరానికీ తేడా ఏమిటి? నాకు తోచిందేమిటంటే, ఇక్కడ సంతకం పెట్టిన ప్రతివాడూ ముందు నోట్‌బుక్ చూశాడు, లేదా చూసినవాడి మాట విన్నాడు. పైగా మూడు నెలల రిపోర్టు ఉండనే ఉంది. అలాగని చూసిన ప్రతివాడూ ఒప్పుకోలేదు. హార్డీకి ముందు రామానుజన్ రాసిన బేకర్, హాబ్సన్‌ల వల్ల ఒరిగిందేమీ లేదు. వాళ్ళూ కేంబ్రిడ్జి గణితవేత్తలే. ఇంకో ఇద్దరు అలాగే ఊరుకుని ఉంటే మనకీ కథ తెలిసేదే కాదు.

ఇదంతా చదువుతుంటే ఒక ఎక్సెల్ షీటు గుర్తొచ్చి కాస్త ఇబ్బందిగా అనిపించింది. పోయినేడాది మా ఆఫీసు తరఫున కేంపస్ రిక్రూట్‌మెంట్‌కి వెళ్ళాను. 60 శాతం కన్నా తక్కువున్న వరసల్ని ఫిల్టర్ పెట్టి తీసేసింది నేనే. అందులో 59.4 ఉన్న కుర్రాడొకడు బయట నిలబడి, తన ప్రాజెక్టు ఒక్కసారి చూడమన్నాడు. టైం లేదన్నాను. నిజంగానే లేదు, రెండువందల మంది ఉన్నారు. అతని పేరు కూడా గుర్తులేదు.

నిన్న తమ్ముడికి తిరిగి ఫోన్ చేసి, "అప్లికేషన్ సంగతి తర్వాత, నీ నోట్‌బుక్ ఏదిరా?" అన్నాను. అర్థం కాలేదు వాడికి. విడమరిచి చెబితే, గొణుక్కుంటూ ఆరో సెమిస్టర్లో రాసిన కంపైలర్ ప్రాజెక్టు జిప్ చేసి పంపాడు. నాలుగువేల లైన్లు, కామెంట్లు ఒక్కటీ లేవు. ఈ శనివారం పెట్టుకున్నాను, మొత్తం చదవాలి.