పగడాల గోడ

పగడమంటే మనకు నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్రపూస. మాల్దీవుల వాళ్ళకు మాత్రం అది ఇంటిగోడ. (ఆ జాతి వేరు లెండి. వాళ్ళది తెల్లటి రాతిపగడం.) అక్కడ కొండల్లేవు, రాళ్ళగనుల్లేవు. సముద్రంలోంచి పగడపురాయి తవ్వుకొచ్చి ఇళ్ళూ మసీదులూ కట్టుకున్నారు. రాజధాని మాలేలో 1658లో కట్టిన శుక్రవారపు మసీదు గోడలమీది చెక్కడం ఫొటోలో చూసినా, ఇది రాయా, కొయ్యా అనిపిస్తుంది.

కాలం గడిచింది, జనం పెరిగారు, ఊరు చాలలేదు. దీవి చుట్టూ ఉన్న పగడపుదిబ్బ మీదే ఇసుకా రాళ్ళూ పోసి నేల పెంచారు. అలల బలం విరిగేది ఆ దిబ్బమీదేనన్న సంగతి మరిచారో, తెలిసీ గతిలేకపోయిందో! 1987 ఏప్రిల్లో పెద్ద అలలు లేచి, అలా పెంచిన నేలను కొంత ఊడ్చుకుపోయాయి. ఊళ్ళోకి ఉప్పునీళ్ళొచ్చాయి.

ఆ తరవాత జపాన్ సాయంతో కాంక్రీటు దిమ్మలు పేర్చి మాలేకు అడ్డుగోడ కట్టారు. అలాంటి గోడకు కిలోమీటరుకు సుమారు కోటి డాలర్లని లెక్క! పిసరంత పగడపుపురుగు కూలి అడక్కుండా కట్టి, విరిగినచోట తానే పూడ్చుకునే గోడ ఖరీదు అప్పుడు తెలిసొచ్చింది.

2004 సునామీలో ఆ కాంక్రీటే మాలేకు నష్టం తగ్గించింది. మిగతా వందలాది దీవులకు అంత డబ్బు ఎవరు పోస్తారు? వాటికి దిబ్బే దిక్కు. ఆ దిబ్బలు కూడా 1998లో, మళ్ళీ 2016లో, సముద్రం వేడెక్కి పాలిపోయాయి.