మీరెవరో చెప్పేదెవరు?

అమెరికాలో దిగిన కొత్తలో బ్యాంకుకెళితే "అడ్రసు ప్రూఫ్ ఏదీ?" అంటారు. ఇల్లు అద్దెకిచ్చేవాడేమో "ముందు బ్యాంకు అకౌంటు చూపించు" అంటాడు. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు అన్నట్టు! ఇదేదో పరదేశపు కష్టం అనుకుంటాం గానీ, మా అనంతపురం రైతుకి సొంతూళ్ళోనే ఎదురైన కష్టమిది.

1969లో బ్యాంకుల జాతీయకరణ తర్వాత లీడ్ బ్యాంకు పథకం వచ్చింది. మా జిల్లా సిండికేట్ బ్యాంకు వంతయింది. ఏజెంటుని ఇంటికి పంపి రెండణాలు కూడా కట్టించుకునే పిగ్మీ డిపాజిట్ 1928లోనే మొదలుపెట్టిన బ్యాంకు అది. 1979లో దాని అండతోనే శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు వచ్చింది. అంటే బ్యాంకు ఊళ్ళోకి వచ్చేసింది. మరి లోపలికి వెళ్ళడం ఎలా?

అప్పట్లో ఖాతా తెరవాలంటే ఇంట్రడ్యూసర్ కావాలి. అంటే అదివరకే ఖాతా ఉన్నవాడు "ఈయన నాకు తెలుసు" అని సంతకం పెట్టాలి. పల్లెలో ముందుగా ఖాతా ఉండేదెవరికి? కాస్త ఉన్నవాళ్ళకే. అప్పిచ్చేదీ వాళ్ళే. వడ్డీ వ్యాపారిని తప్పించుకోడానికి బ్యాంకుకి వెళదామంటే, ఆయన సంతకమే కావాల్సి వచ్చేదన్నమాట!

అసలీ సంతకం ఎందుకు? 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 131వ సెక్షన్ ఉంది. దొంగ చెక్కు వసూలు చేసిపెట్టినా, అజాగ్రత్త లేదని చూపిస్తే బ్యాంకుకి రక్షణ. పరిచయం లేకుండా ఖాతా తెరిస్తే అది అజాగ్రత్త కిందికే వచ్చేది. కాబట్టి ఆ సంతకం కాపాడింది బ్యాంకుని, రైతుని కాదు.

2000 తర్వాత రెండు చోట్లా మనిషి మాట పోయి కాగితం వచ్చింది. అమెరికాలో 2001 పేట్రియట్ చట్టం కింద వచ్చిన నిబంధనలు 2003 అక్టోబరు నుంచి అమలయ్యాయి. పేరు, పుట్టినతేదీ, అడ్రసు, ఒక నంబరు కావాలి. పరదేశీయులకి పాస్‌పోర్టు నంబరైనా చాలని ఆ నిబంధనల్లోనే ఉంది. కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి అది తెలియకపోతే మాత్రం సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని తిప్పి పంపుతారు.

మన దగ్గర 2002, 2004లలో రిజర్వు బ్యాంకు కేవైసీ తెచ్చింది. వేరుశెనగ ఎండిపోయి, కదిరి నుంచి బెంగుళూరుకి బేల్దారి పనికెళ్ళినవాడి సంగతి చూడండి. రేషన్ కార్డు ఊళ్ళో, మనిషి రేకుల షెడ్డులో. శాశ్వత చిరునామాకి రుజువుంటే చాలు, ఉంటున్న చోటు నోటితో చెప్పినట్టు రాసిస్తే సరిపోతుందని రిజర్వు బ్యాంకు తేల్చింది 2014 జూన్‌లో! అప్పటిదాకా ఆ బేల్దారికీ, హెచ్1బీ మీద వెళ్ళిన మనకీ తేడా ఏముంది? ఒకటుంది లెండి, మన చేతిలో కంపెనీ లెటరు ఉంటుంది.

సాక్షి మనిషి నుంచి కాగితానికీ, కాగితం నుంచి ఆధార్ వేలిముద్రకీ మారాడు. ఇటుకలు మోసి అరిగిపోయిన వేలిని మెషీను గుర్తుపట్టకపోతే మళ్ళీ మొదటికే. పైగా ఇప్పుడు బతిమాలడానికి ఎదురుగా మనిషి కూడా లేడు. ఆ ఫారాలు, ఆ తనిఖీలు రాసేది మనమేగా? "తప్పనిసరి" అని ఎర్ర చుక్క పెట్టేముందు, అది ఎవరిని కాపాడుతోందో, ఎవర్ని గుమ్మం బయట నిలబెడుతోందో ఒక్కసారి ఆలోచిస్తే పోయేదేముంది? ఏమంటారు?